ఎడమచేతి వాటానికి ఒక ఎయిర్ రైఫిల్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివర

అటక మీది గోనెసంచి మూట ఈరోజు కిందికి దిగింది. లోపల మా అన్నయ్య కాలేజీలో చదివేటప్పుడు కొన్న ఎయిర్ రైఫిల్ ఉంది. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకునే రకం. క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, అంటే 4.5 మి.మీ. తుప్పు పైపైనే ఉంది. కొయ్య భాగం మాత్రం పనికిరాదు. చెయ్యి పట్టుకునే సన్నటి మెడ దగ్గర నిలువునా చీలింది. చీలిక మీద ఎవరో సైకిలు ట్యూబు చుట్టి, పైన ఇనుప తీగ కూడా కట్టారు. ఆ తీగను చూస్తే చుట్టిన మనిషికి తుపాకి కంటే పాకలు కట్టడం బాగా వచ్చని తెలుస్తోంది.

దీన్ని దింపడానికి కారణం అన్నయ్య కూతురు. తొమ్మిదో తరగతి. కాకినాడలో ఎవరో పది మీటర్ల షూటింగు ఒకసారి చేయించారట, అప్పటి నుంచి ఇంట్లో వేరే మాట లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం వచ్చింది, 2012 లండన్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే అని నాకే పాఠం చెప్పింది. వాళ్లు వాడే రైఫిళ్లు సిలిండరులో నింపిన గాలితో పేలతాయి, ఒళ్లు కదలదు, ధర లక్షల్లో ఉంటుంది. మనది స్ప్రింగు తుపాకి, గుర్రంలా తంతుంది. ఆ తేడా కూడా తనకు తెలుసు. "నేర్చుకోడానికి చాలు చిన్నాన్నా" అంది.

చిక్కు ఒకటుంది. పాపది ఎడమచేతి వాటం, గురి చూసేది కూడా ఎడమ కంటితోనే. పాత కొయ్య కుడిచేతి వాళ్ల కోసం చెక్కింది, పైగా పెద్దవాళ్ల కొలత. ట్రిగ్గర్ నుంచి మడమ (భుజానికి ఆనే వెనక భాగం) చివరి దాకా 36 సెం.మీ. ఉంది. మడమను మోచేతి మడతలో ఆనించి పట్టుకుంటే చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకు రావాలి. తనకు వేలి కొస కూడా అందడం లేదు. కొలిస్తే 31.5 సరిపోతుందని తేలింది. పాత మడమను కోసి పొట్టి చేయవచ్చు కానీ చీలిన మెడ చీలినట్టే ఉంటుంది, చెంప ఆనే మెట్టా తప్పు వైపే ఉంటుంది. కొయ్య మొత్తం కొత్తగా చేయాల్సిందే.

మార్చి మొదట్లో

పని మొదలుపెట్టిన సంగతి వీధిలో తెలిసిపోయింది. రోజూ ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తున్నారు. నాకు పిట్టలదొర అని పేరు పెట్టేశారు, అది భరించగలను. లంక పొలంలో పందులు పడుతున్నాయి, మందు దట్టించి కాల్చే నాటు తుపాకి ఒకటి చేసిపెట్టమని ఒకాయన అడిగారు. లేతు మీద గొట్టం ఎంతసేపు పని అని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇద్దరికీ ఒకటే చెప్పాను. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం, శిక్ష సంగతి 25వ సెక్షన్ చూసుకుంటుంది. ఇంట్లో చేసిన గొట్టం ఎప్పుడు పగిలి ఎవరి కన్ను తీస్తుందో చెప్పలేం, ఆ ముచ్చట వేరే. నా చేతిలో ఉన్నది గాలి తుపాకి. 4.5 మి.మీ. క్యాలిబరు దాటకుండా, గుండు శక్తి 20 జూల్స్ మించకుండా ఉంటే 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. నేను మార్చేది కొయ్యను, అరిగిన వాషర్లను. గొట్టం జోలికి, బలం పెంచే పనికి వెళ్లను.

కొంగల్ని కొట్టిపెట్టమన్న కుర్రాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు చట్టం చెప్పలేదు, తిట్టి పంపాను.

విప్పక ముందు ఇప్పుడున్న వేగం ఎంతో రాసి పెట్టుకోవాలి. స్కూల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని, వేగం కొలిచే యంత్రం కొనడం నామోషీ. ఫోను చాలు. తుపాకి మూతికీ అట్టకూ మధ్య దూరం 10 మీటర్లు. ఫోనును సరిగ్గా మధ్యలో, 5 మీటర్ల దగ్గర ఓ పక్కగా పెట్టి శబ్దం రికార్డు చేయాలి. పేలిన చప్పుడు, అట్టకు తగిలిన చప్పుడు, రెండూ ఫోనును చేరడానికి ఒకే దూరం ప్రయాణిస్తాయి. కాబట్టి శబ్ద వేగం లెక్కలోకే రాదు, రెండు చప్పుళ్ల మధ్య వ్యవధి అంతా గుండు ప్రయాణ కాలమే. తుపాకి పక్కనే ఫోను పెడితే మాత్రం అట్ట చప్పుడు వెనక్కి రావడానికి పట్టే సుమారు 29 మిల్లీసెకన్లు తీసేయాలి. మన ఎండల్లో శబ్దం సెకనుకు 350 మీటర్ల దరిదాపుల్లో వెళుతుంది.

వ్యవధి 80 మిల్లీసెకన్లు వచ్చింది. అంటే సగటున సెకనుకు 125 మీటర్లు. సీసపు గుండు బరువు 0.53 గ్రాములు. శక్తి 4 జూల్స్‌కు కొంచెం పైన. స్ప్రింగు తుపాకికి ఇది నీరసం కిందే లెక్క. ఒక్కో దెబ్బకూ అంకె మారిపోవడం అంతకన్నా చెడ్డ సూచన.

మార్చి మధ్యలో

విప్పాం. ఈ రకం తుపాకిలో స్ప్రింగు, గొట్టం వంచి బిగించని స్థితిలో కూడా, కొంత నొక్కుకునే ఉంటుంది. వెనక మూతకున్న పిన్ను లాగేస్తే ఇనుప మూత మొహం మీదకు ఎగురుతుంది. వడ్రంగులు తలుపు చెక్కలు అతికేటప్పుడు బిగించే పొడుగు క్లాంపులో మొత్తం పెట్టి, మూతను నొక్కి పట్టి, పిన్ను తీసి, మర నెమ్మదిగా వదులుతూ వచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, పాపను ఆ గదిలోంచి పంపించాక.

లోపల స్ప్రింగు వంకర తిరిగి ఉంది. స్ప్రింగు తోస్తే గాలిని నొక్కే పిస్టను ముందు తోలు వాషరు ఎండి, అంచులు చిట్లి ఉన్నాయి. దాని చుట్టూ తెల్లటి జిడ్డు. వాసన చూస్తే అర్థమైంది. కొబ్బరినూనె! మా జిల్లాలో తలనొప్పికీ, తలుపు కిర్రుకూ మందు అదే. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దుల్లో తుపాకి ముద్దకట్టినట్టు పేలేదని, మధ్యాహ్నం ఢామ్మని పొగ వచ్చేదని అన్నయ్య చెప్పిన మాటకు ఇప్పుడు లెక్క కుదిరింది. పిస్టను దూసుకువచ్చినప్పుడు ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి బాగా వేడెక్కుతుంది. అక్కడ నూనె ఉంటే అంటుకుంటుంది. చెరువు గట్టు మీది డీజిల్ ఇంజన్లో జరిగేది ఇదే. ఇంజన్‌కు అది పని, ఎయిర్ రైఫిల్‌కు అది రోగం. గుండు వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉండటానికి సగం కారణం ఈ నూనె.

తోలు వాషరు కోసం పాలకొల్లులో బోరింగు పంపుల సామాన్ల కొట్లు తిరిగాను. పాత చేతిపంపుల్లో వాడే తోలు గిన్నెల్లాంటి వాషర్లు ఇంకా దొరుకుతున్నాయి, అయితే మన కొలతకు అన్నీ పెద్దవే. మంచి మందం ఉన్నదాన్ని తెచ్చి నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చులో నొక్కి ఎండబెట్టాను. ఆరాక అంచులు కోసి, సిలికోన్ నూనెలో రాత్రంతా ఉంచాను. సిలిండరులో దూర్చి వేలితో తోస్తే బిగువుగా వెళ్లాలి, ఆగిపోకూడదు. స్ప్రింగు మాత్రం అదే కొలతది కొత్తది కొన్నాను. ఎక్కువ చుట్లున్నది పెట్టుకోమని కొట్టాయన ఎంత చెప్పినా తీసుకోలేదు. బలం పెరిగితే తన్ను పెరుగుతుంది, గురి పెరగదు.

ఏప్రిల్, కాలువలు కట్టేశాక

కొయ్య పని. ఈ భాగం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రాజెక్టులో నాకు నిజంగా నచ్చింది ఇదే.

మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు దూలం ముక్క పశువుల పాకలో పడి ఉంది. ఆ కాలపు కలప మన్యంలో కొట్టి, తెప్పలు కట్టి గోదావరి మీద దింపినది. దశాబ్దాలు ఎండింది కాబట్టి ఇక వంకరపోదు. మన డెల్టాలో కొయ్యకు అసలు శత్రువు గాలిలోని తేమ. జూన్ వచ్చిందంటే తలుపులు మూతపడవు, సొరుగులు తెరుచుకోవు. మామిడి చెక్కతో చేస్తే వర్షాకాలంలో ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెడుతుంది. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల నీరు అంతగా పట్టదు. దానికి బదులు టేకు మనల్ని రెండు రకాలుగా ఏడిపిస్తుంది. అందులో ఇసుక రేణువుల్లాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును క్షణాల్లో పోతుంది. జిగురు అంటదు, అతికే ముందు థిన్నరుతో తుడవాలి.

నరసాపురం వైపు పడవలు కట్టిన పెద్ద మేస్త్రీ ఒకాయన మా ఊళ్లో అల్లుడి ఇంట ఉంటున్నారు. దూలాన్ని ఆయనకు చూపించాను. ఆయన మొదట చేసిన పని పాత స్పీకరు అయస్కాంతం అడిగి తీసుకుని ముక్క అంతటా జరపడం. రెండు చోట్ల అంటుకుంది. తవ్వితే విరిగిన చీలల ముక్కలు.

"రంపం పళ్లు పోతే కొనుక్కుంటామండి మాస్టారూ, చీల ఎగిరితే కన్ను కొనుక్కోలేం" అన్నారు.

తరువాత పాత కొయ్య చీలికను వేలితో తడుముతూ, "ఇది ఇక్కడే విరుగుతుందండి. కర్ర నార పైనుంచి కిందకు వెళ్లిపోయింది. మెడ దగ్గర నార మెడ వెంటే పోవాలి. చెట్టు ఎటు పెరిగిందో అటే గీత గియ్యండి" అన్నారు. పడవ ముందు కొయ్యకు వంగిన కొమ్మను ఎందుకు వెతుకుతారో అప్పుడు బోధపడింది. మేం దూలం మీద అట్ట నమూనాను పది రకాలుగా తిప్పి చూసి, మెడ ఏటవాలుకూ నార వాలుకూ సరిపోయే చోట గీత గీశాం. అందుకు దూలంలో మూడో వంతు వృథా అయింది. మేస్త్రీగారు ఆ ముక్కలు తన మనవడి బొంగరాలకు పట్టుకెళ్లారు.

బాడితతో పెద్ద చెక్కుడు ఆయనదే. మిగతా అంతా నాది. ఇనుప సిలిండరు కూర్చునే గాడి ముఖ్యం. అది ఎక్కడా ఊగకూడదు, ఎక్కడా బిగుసుకోకూడదు. దానికి పాత పద్ధతి ఒకటుంది. దీపం మసిని కొంచెం నూనెలో కలిపి ఇనుము మీద పల్చగా పూసి గాడిలో నొక్కి తీయాలి. ఎత్తుగా ఉన్న చోట్ల నల్ల మచ్చ పడుతుంది, అక్కడ మాత్రం గీకాలి. మళ్లీ పూసి మళ్లీ నొక్కాలి. ఇంట్లో కాటుక డబ్బా ఉండగా మసి ఎందుకని పాప అదే తెచ్చింది. బ్రహ్మాండంగా పనిచేసింది, వాళ్లమ్మకు తెలిసేదాకా. చివరికి మచ్చలు గాడి పొడవునా సమానంగా పడటం మొదలైంది.

మెట్ట ఎడమ చెంపకు వచ్చేలా వదిలాను. మడమను కుడి నుంచి ఎడమకు రవ్వంత వాలుగా తీశాను, భుజంలో ఆనించగానే గొట్టం తన కంటి ముందుకు వచ్చేలా. దీనికి అంకెలు లేవు. పాప కళ్లు మూసుకుని తుపాకి ఎత్తుతుంది, తెరుస్తుంది, గురి ఎక్కడుందో చెబుతుంది, నేను ఆకురాయితో ఇంకొంచెం తీస్తాను. ఇలా రెండు సాయంత్రాలు గడిచాయి. ఉప్పు కాగితం పట్టి, అవిసె నూనె పల్చగా రుద్ది ఆరనిచ్చి మళ్లీ రుద్దాను. వార్నిషు వేయమన్నారు ఇంట్లో. వేయను, చెమట చేతిలో జారుతుంది.

మే

కాల్చే చోటు సిద్ధం చేయడం ఒక పూట పని. పెరట్లో పశువుల పాక గోడ ముందు చెక్క పెట్టె, అందులో గట్టిగా కూరిన కొబ్బరి పొట్టు, దాని వెనక ఇనుప రేకు. మా ఊళ్లో కొబ్బరి పొట్టుకు కొదవా! గుండు దానిలో దిగి ఆగిపోతుంది, ఎగిరి వెనక్కి రాదు. సీసం ఎప్పటికప్పుడు జల్లించి తీస్తున్నాను. గుండ్లు పట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదని, సబ్బుతో కడుక్కోవాలని పాపకు మొదటి నియమం. రెండోది, గొట్టం విరిచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని వదలకూడదు. స్ప్రింగును పట్టి ఉంచే కొక్కెం జారితే గొట్టం లేచి వేళ్లను నలిపేస్తుంది. గుండు లేకుండా పేల్చకూడదన్నది మూడోది. ముందు గాలిని ఆపేదేమీ లేక పిస్టను వెళ్లి సిలిండరు మొనకు గుద్దుకుంటుంది, వాషరు, స్ప్రింగు రెండూ చెడతాయి.

లక్ష్యం కాగితం అసలు కొలతలోనే గీశాను. అన్నిటికంటే బయటి వలయం 45.5 మి.మీ., నల్లభాగం 30.5 మి.మీ., మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్క గుండు కంటే చిన్నది. మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి.

ఫోను లెక్క ఇప్పుడు 62 మిల్లీసెకన్లు. సెకనుకు 161 మీటర్లు, శక్తి 6.9 జూల్స్ దగ్గర. చట్టం చెప్పిన హద్దుకు చాలా దిగువన, కాగితానికి కావలసిన దానికంటే ఎక్కువే. అంకె కూడా నిలకడగా వస్తోంది.

గుండ్లు మాత్రం కాగితం మీద నిలువుగా చిందర వందరగా పడుతున్నాయి. పైనుంచి కిందికి 40 మి.మీ. ఇంత కొయ్య పని చేశాక ఇదేమి ఫలితమని చూసిన వాళ్లందరికీ ఒక్కో అభిప్రాయం ఉంది. స్ప్రింగు మార్చమన్నారు, గొట్టం మార్చమన్నారు. నాకు అనుమానం ఇనుమును కొయ్యకు బిగించే మరల మీద.

మే చివర

కొన్ని దెబ్బలు పేల్చాక స్క్రూడ్రైవరు పెడితే ముందు మరలు రెండూ పావు చుట్టు తిరిగాయి. ప్రతి దెబ్బకూ తుపాకి ముందుకూ వెనక్కీ తంతుంది, మర తల కింద టేకు నలుగుతుంది, మర వదులవుతుంది. ఎంత బిగిస్తే అంత నలుగుతుంది. దీనికి మందు, మర వెళ్లే రంధ్రంలో ఇత్తడి బుష్, అంటే చిన్న గొట్టం ముక్క. కొయ్య మందానికి సరిగ్గా అంతే పొడవు. అప్పుడు మర బిగువు ఇత్తడి మీద పడుతుంది, కొయ్య మీద కాదు. రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసే లేతు షాపులో చేయించాను. మొదటిసారి అర మిల్లీమీటరు పొట్టిగా చేశారు, అది ఉన్నా లేనట్టే. మళ్లీ చేయించాను. బుష్‌లు దూర్చాక చెదురు సగానికి తగ్గింది.

రెండో అనుమానం గొట్టం, సిలిండరు కలిసే చోటు. అక్కడ ఒక పల్చటి కాగితం ముక్క ఆనించి పేలిస్తే అది ఎగిరింది. గాలి కారుతోంది. పంపుసెట్ల కొట్లో దొరికిన చిన్న ఓ-రింగు (రబ్బరు వలయం) సరిపోయింది. కాగితం ఇప్పుడు కదలడం లేదు.

ట్రిగ్గర్ బరువు నీళ్ల సీసాతో తూచాను. సీసాకు తాడు కట్టి ట్రిగ్గర్‌కు వేలాడదీసి, పేలేదాకా నీళ్లు పోయడమే. తుపాకి మూతి పెట్టె వైపు, గుండు లోపల. దాదాపు 3 కిలోలు. పిల్ల వేలికి ఇది ఎక్కువ. కొక్కేన్ని ఆకురాయితో తీస్తే తేలికవుతుందని ఎవరైనా చెబుతారు. అది చేయను. కొక్కెం కోణం చెడితే తుపాకి కింద పెట్టినా పేలుతుంది. తుప్పు తుడిచి, రుద్దుకునే చోట్ల నునుపు చేసి, గ్రీజు వేసి ఆపాను. 2 కిలోల లోపుకు వచ్చింది. తరువాత గుండు పెట్టి, పెట్టె వైపు తిప్పి, మడమను చెక్క మీద తట్టి చూశాను. పేలలేదు.

జూన్

కాలువలకు నీళ్లు వదిలారు, నారుమళ్లు మొదలయ్యాయి, గాలి బరువెక్కింది. కొయ్య కదలలేదు. గురి ఎక్కడుండాలో అక్కడే ఉంది. అవిసె నూనెను మెచ్చుకోవాలో, దూలాన్ని మెచ్చుకోవాలో తెలియదు. దూలానికే నా ఓటు.

మిగిలిన చెదురులో ఎక్కువ భాగం నాదేనని పాప తేల్చింది. నేను కాలిస్తే 20 మి.మీ., తను కాలిస్తే 14. స్ప్రింగు తుపాకిని గట్టిగా పట్టుకోకూడదు. గుండు గొట్టంలో ఉండగానే తుపాకి కదలడం మొదలవుతుంది, మన పట్టు ఎక్కువైతే ఆ కదలిక ఒక్కోసారి ఒక్కో దిక్కుకు మళ్లుతుంది. ముందు చెయ్యి తెరిచి, అరచేతిలో తుపాకిని ఊరికే ఆనించాలి. నాకు బండి పగ్గాలు పట్టినట్టు బిగించడం అలవాటు. తనకు అసలు ఏ అలవాటూ లేదు కాబట్టి రెండు రోజుల్లో పట్టేసింది.

గుండ్లు కూడా ఒకేలా లేవు. నగల పని చేసే స్నేహితుడి మిల్లీగ్రాముల త్రాసులో ఒక డబ్బా తూస్తే కొన్నిటికి తోక అంచులు వంగి ఉన్నాయి, బరువులూ అటూ ఇటూ ఉన్నాయి. వేరు చేసి, తేడా ఉన్నవి నాకు, మంచివి తనకు.

ఇంకా మిగిలిన పని, గురి చూసే వెనక సైటు. దాని మర అరిగి ఎడమకు జరిపినప్పుడు ఒక పంటి మేర జారుతోంది. కొత్త మరకు ఇత్తడి ముక్క లేతు షాపులో ఇచ్చి వచ్చాను. ఈసారి కొలత కాగితం మీద రాసి, సంతకం కూడా పెట్టించుకున్నాను. అది వచ్చేదాకా పాప సైటును కదపకుండా, పడిన చోటు నుంచి లెక్క కట్టి పక్కకు గురి చూస్తోంది.